ఇల్లు మారాక డిస్‌ప్లే రాకపోతే

ఆషాఢం దాటి శ్రావణం వచ్చిందంటే హైదరాబాద్ కాలనీల్లో సామాన్ల వ్యాన్లు తిరుగుతుంటాయి. వాటి వెనకే నాకు ఫోన్లు. "అన్నా, లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే మాత్రం రావట్లేదు." నిన్నటిదాకా పనిచేసిన కంప్యూటర్ ఒక్క ప్రయాణంతో పాడైపోవడం అరుదు. కుదుపులకు ముందు కదిలేవి అతుకులు. రిపేరు నేర్చుకోవాలని వచ్చే కుర్రాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే.

పని బయటి నుంచి లోపలికి సాగాలి. మానిటర్‌కి కరెంటు అందుతోందా, ఇన్‌పుట్ సరిగా ఎంచుకున్నారా చూడండి. తర్వాత సీపీయూ వెనక్కి రండి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌లో కేబుల్ పెట్టే చోట్లు రెండుంటాయి: పైన మదర్‌బోర్డువి, కింద కార్డువి. హడావుడిలో చాలామంది పైదాంట్లో గుచ్చేస్తారు. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లకు సొంత గ్రాఫిక్సే ఉండదు. పైన ఎంతసేపు గుచ్చినా బొమ్మ రాదు.

అప్పటికీ రాకపోతేనే మూత తీయాలి. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి, కేబినెట్ ఇనుమును ఓసారి ముట్టుకుని మొదలుపెట్టండి.

అన్నిటికంటే ఎక్కువసార్లు దొరికే దొంగ ర్యామ్. డీడీఆర్4 స్టిక్ అంచున రెండు వైపులా కలిపి 288 బంగారుపూత పట్టీలుంటాయి. ఒక కొస కొంచెం లేచినా చాలు, స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. రెండు కొసలనూ బొటనవేళ్లతో సమానంగా నొక్కాలి, టక్కుమని క్లిప్పు పడాలి. కొన్ని బోర్డుల్లో క్లిప్పు ఒకవైపే ఉంటుంది, అందుకే రెండోవైపు కొసను కంటితో చూసి తీరాలి. పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన షాపుల్లో మామూలే. మరక ఉంటే నేనూ మెల్లగా రుద్దుతాను. కానీ ఆ పూత పలచన, ఊరికే రుద్దితే అరిగిపోతుంది. రబ్బరు పొట్టు స్లాట్‌లో పడితే కొత్త తలనొప్పి.

గ్రాఫిక్స్ కార్డు బరువుకి స్లాట్‌లో వాలిపోతుంది. దాన్నీ తీసి పెట్టండి, దాని పవర్ వైరు గట్టిగా నొక్కండి. అయితే ఒకసారికి ఒక్కటే కదపాలి, వెంటనే ఆన్ చేసి చూడాలి. అన్నీ ఒకేసారి పీకి పెడితే తప్పెక్కడో తెలియదు, లేని తప్పు కొత్తగా చేరొచ్చు. కొత్త బోర్డుల మీద సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని చిన్న లైట్లుంటాయి. ఏది ఆరకుండా నిలిచిందో అక్కడే వెతకండి. డీడీఆర్5 సిస్టమ్‌లో మదర్‌బోర్డు మీదుండే గుండీ బ్యాటరీ తీసి పెట్టాక మొదటిసారి కొన్ని నిమిషాలు బొమ్మ రాకపోవచ్చు. మధ్యలో ఆపేయకండి.

మూతైనా తీయకుండా "మదర్‌బోర్డు పోయింది" అనేవాళ్లను చూస్తే నాకు కోపం. మా కాలనీలో రిటైరైన మాస్టారికి ఒక షాపులో అదే మాట చెప్పి కొత్త సిస్టమ్ కొనమన్నారు. ఒక్క స్టిక్‌ను పక్క స్లాట్‌లోకి మార్చగానే బొమ్మ వచ్చింది. "నా ఫైళ్లున్నాయా బాబూ?" అన్నదే ఆయన మొదటి మాట. ఉన్నాయి మాస్టారూ. బొమ్మ రానంతమాత్రాన డిస్క్‌లో ఉన్నవి ఎక్కడికీ పోవు.

ఈసారి ఇల్లు మారేవాళ్లకి నా మనవి: కేబుళ్లు పీకేముందు వెనకభాగాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బరువైన కార్డుంటే తీసి దాని డబ్బాలో పెట్టండి. సీపీయూని వ్యాన్‌లో నిలబెట్టకండి, మదర్‌బోర్డు కిందికి వచ్చేలా పడుకోబెట్టండి.