వంగాల్సిన చోటే వంగాలి

అమెరికాలో వేసవి వచ్చిందంటే చాలా జిల్లాల్లో కౌంటీ ఫెయిర్ జరుగుతుంది. పశువుల పోటీలు, పంటల ప్రదర్శనలు ఉండే ఆ రైతు జాతరల్లో జనం ఎక్కువగా ఎదురుచూసేది డెమాలిషన్ డెర్బీ కోసం. నీళ్లు కొట్టి బురద చేసిన బరిలోకి పాత కార్లు దిగి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. చివరిదాకా కదలగలిగిన కారుదే గెలుపు. 1950ల చివర్లో న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లోని ఐస్లిప్ స్పీడ్‌వేలో లారీ మెండెల్సన్ ఈ ఆటకు పేరు తెచ్చాడు. తర్వాత ఏబీసీ టీవీ దాన్ని దేశమంతటికీ చూపించింది.

కాసేపట్లో ముగిసే ఆ పోటీ వెనుక నెలల తరబడి సాగిన షెడ్డు పని ఉంటుంది. ఆ పనిలో అసలు నైపుణ్యం కారు వెనుక భాగంలో కనిపిస్తుంది. రేడియేటర్, ఇంజన్ ముందుంటాయి కాబట్టి వాటిని కాపాడుకుంటూ డ్రైవర్లు ఎక్కువగా రివర్సులో వెళ్లి గుద్దుతారు. అంటే వెనుక భాగమే ఆయుధం, అదే డాలు కూడా. అది అడ్డదిడ్డంగా నలిగితే రేకు వెళ్లి టైరుకు ఒరుసుకుంటుంది, చక్రం బిగుసుకుపోతుంది. నిర్ణీత వ్యవధిలో, చాలాచోట్ల నిమిషంలోపు, మళ్లీ ఎవరినైనా గుద్దలేకపోతే ఆట నుంచి తప్పించేస్తారు.

ఈ ఆటకు విడిగా ఛాసీ ఉన్న కార్లంటే మోజు. పాత షెవర్లే ఇంపాలాలు, 2011 దాకా తయారైన ఫోర్డ్ క్రౌన్ విక్టోరియాలు అలాంటివే. 1964-66 నాటి ఇంపీరియల్ ఛాసీ మరీ గట్టిది కావడంతో చాలా పోటీల్లో దాన్ని రానివ్వరు. అయితే ఏ ఛాసీ అయినా వెనుక యాక్సిల్ హౌసింగ్‌ను దాటడానికి పైకి లేచి మళ్లీ కిందికి దిగాలి. డెర్బీ వాళ్లు హంప్ అనే ఆ మూపురం దగ్గరే బలహీనత ఉంది. వెనుక నుంచి తిన్నగా వచ్చిన దెబ్బ ఆ వంపులో చిక్కుకుని ఛాసీని మడిచేస్తుంది. తోక పైకి లేస్తే టైర్లకు ఖాళీ దొరుకుతుంది. కిందికి దిగితే బంపర్ నేలను దున్నుతుంది.

అందుకే నిపుణుడు ముందుగా మడత ఎక్కడ పడాలో నిర్ణయిస్తాడు. హంప్‌కు వెనుక ఛాసీ పైఅంచున చిన్న వి ఆకారపు కోత పెడతాడు, లేదా సమ్మెటతో సొట్ట వేస్తాడు. దెబ్బ తగిలినప్పుడు ఆ కోత మూసుకుంటూ తోకను పైకి ఎత్తుతుంది. డిక్కీ మూతకు, పక్క రేకులకు కూడా ముందే మడత గీత వేస్తాడు. అప్పుడు రేకు, ఛాసీ ఒకే దారిలో పైకి చుట్టుకుంటాయి.

ఆ తర్వాత హంప్ ప్లేట్. నిబంధనలు ఒప్పుకున్న చోట, ఉక్కు ప్లేటును హంప్ వంపు ప్రకారం కోసి ఛాసీ పక్క గోడకు వెల్డింగ్ చేస్తారు. రంగు, తుప్పు, గ్రీజు పోయేదాకా గ్రైండర్ పట్టాలి. ముందు టాకాలు వేసి, కొంచెం ఇక్కడ, కొంచెం అక్కడ అతుకుతూ పోవాలి. ఒకే ఊపులో అతికితే వేడికి ఛాసీ మెలికపడుతుంది. ప్లేటు చివర నిలువుగా కోసినట్టుంటే బలమంతా ఆ గీత దగ్గర పోగుపడి ఛాసీ అక్కడే చిట్లుతుంది. అందుకే కొసలను ఏటవాలుగా కోస్తారు. లారీ ఛాసీకి ప్లేట్లు వేసే ఏ వెల్డరైనా ఈ సంగతి వెంటనే పట్టుకుంటాడు. ప్లేటు అవసరానికి మించి వెనక్కి సాగితే మరో ప్రమాదం ఉంది. వెనుక పడాల్సిన మడత ముందుకు జరిగి డ్రైవర్ సీటు వైపు వస్తుంది.

హంప్ వంగితే హౌసింగ్ కోణం కూడా మారుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊడిపోవచ్చు, లేదా బిగుసుకుపోవచ్చు. పొడవు సర్దుకునే షాఫ్ట్ వేసేది అందుకే. డిక్కీ కింద ఉండే పెట్రోలు ట్యాంకును తీసేసి, చిన్న ట్యాంకును వెనుక సీటు ఉండే చోట బిగించి, చుట్టూ ఇనుప రక్షణ కడతారు. ఈ రక్షణ వెనుక రేకును తాకితే అది దొంగచాటు ఊతమవుతుంది. కొన్నిచోట్ల మధ్యలో ఎంత ఖాళీ ఉండాలో కూడా నియమం పెడతారు.

తనిఖీదారులు ఛాసీకి బెజ్జం వేసి లోపల పైపులు, కాంక్రీటు దాచారేమో చూస్తారు. ఈ కఠిన తనిఖీ సబబే. హద్దు లేకపోతే డబ్బున్నవాడిదే గెలుపు. అంతకన్నా ముఖ్యం, అసలే వంగని కారు దెబ్బను తినదు, డ్రైవర్ మెడకు అందిస్తుంది. ఢీకొన్నప్పుడు కొన్ని భాగాలు నలిగి మనిషిని కాపాడాలన్న ఆలోచనకు మెర్సిడెస్ ఇంజనీరు బేలా బారెన్యీ 1952లో పేటెంట్ పొందాడు. 1959లో ఆ సూత్రంతో కారు మార్కెట్లోకి వచ్చింది. అదే సత్యాన్ని పల్లె వెల్డర్లు విరిగిన ఛాసీల నుంచి నేర్చుకున్నారు. పోటీ అయ్యాక మిగిలిన శిథిలాన్ని కొలిచి, మడత ఎక్కడ పడిందో, ఏ అతుకు తెగిందో చూసి వచ్చే ఏడాది కోతను జరుపుతారు.

క్రౌన్ విక్టోరియా లాంటి కార్లు తుక్కుగా కూడా అరుదవుతున్నాయి. ఛాసీ, బాడీ కలిసిపోయిన చిన్న కార్లు బరిలోకి వస్తున్నాయి. వాటికి వేసే ప్లేటు ఆకారం మారుతుంది, కోత స్థానం మారుతుంది. దెబ్బను ఎటు మళ్లించాలన్న ప్రశ్న మాత్రం మారదు. ఆ ప్రశ్నను షెడ్డులో పిల్లలకు చేతిపనిగా నేర్పుతున్న ప్రతి కుటుంబం ఇంజనీరింగ్‌లోని ఒక మూలపాఠాన్ని బతికిస్తోంది. ఈ సంప్రదాయాన్ని గౌరవించడానికి ఆ ఒక్క కారణం చాలు.