రోజుకు ఒక్క స్టార్టు

జనవరి నెల. పెన్సిల్వేనియాలో ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. గరాజ్ గోడకున్న థర్మామీటర్ సున్నాకు రెండు డిగ్రీలు కింద చూపిస్తోంది. బండి 1979 నాటి పోర్షె 911 ఎస్‌సీ, రాత్రంతా కదలకుండా ఉంది. తాళం ఒక మెట్టు తిప్పగానే వెనక నుంచి సన్నగా ఈల లాంటి మోత వచ్చింది. ఇగ్నిషన్ పెట్టెలో కరెంటు పోగవుతున్న చప్పుడు అది. అది వినపడిందంటే సగం బెంగ తీరినట్టే. ఇంకో మెట్టు తిప్పితే సెల్ఫ్ తిరిగింది, పెట్రోలు పంపు అందుకుంది. ఇంజిన్ రెండు సార్లు దగ్గింది, ఒక్క క్షణం అంటుకుంది, ఆగిపోయింది.

ఇక్కడ ఎవరైనా చేసే పని మళ్లీ సెల్ఫ్ కొట్టడం. నాకు ఈ విద్య నేర్పిన పెద్దాయన మాత్రం అలాంటప్పుడు తాళం తీసి జేబులో వేసుకునేవారు. నలభై ఏళ్లు ఈ బండ్ల కింద పడుకుని పనిచేసిన మనిషి. పై జేబులోంచి చిన్న పుస్తకం తీసి తేదీ, చలి ఎంత, సెల్ఫ్ ఎన్ని సెకన్లు కొట్టాం, ఇంజిన్ ఏమంది అని రాసుకునేవారు. ఆ రోజుకు స్టార్టు పరీక్ష అయిపోయినట్టే. ఇంకోసారి చూద్దామని నేను బతిమాలితే తల అడ్డంగా ఊపేవారు. అది మొండితనం అనుకున్నాను. చలి స్టార్టు జబ్బును పట్టే పద్ధతంతా ఆ జేబులో వేసుకున్న తాళంలోనే ఉందని అర్థం కావడానికి నాకు ఒక చలికాలం పట్టింది.

పెట్రోలు ద్రవంగా ఉంటే మండదు, ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చిమ్మిన పెట్రోల్లో చాలా భాగం లోహపు గోడలకు పొరలా అంటుకుపోతుంది. సిలిండర్‌కు చేరే ఆవిరి తక్కువ, గాలి ఎక్కువ. దాన్నే లీన్ అంటాం. అందుకే మామూలు కంటే చాలా ఎక్కువ పెట్రోలు పొయ్యాలి, అందులో ఆవిరయ్యే కాస్తయినా సరిపోవాలి. తడి కట్టెల మీద కాస్త కిరసనాయిలు చల్లి పొయ్యి అంటించిన మన అమ్మమ్మలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని నడిపినవాళ్లకు డాష్‌బోర్డులో చోక్ గుబ్బ గుర్తుండే ఉంటుంది. దాన్ని ఎంత లాగాలో, ఎప్పుడు లోపలికి నెట్టాలో నడిపేవాడి చెయ్యి చూసుకునేది.

ఈ 911లో చోక్ గుబ్బ లేదు. దీనిది బాష్ కంపెనీ కె-జెట్రానిక్ పద్ధతి. ఎడతెగకుండా అని అర్థం వచ్చే జర్మన్ మాటలో మొదటి అక్షరమే ఆ 'కె'. అమెరికాలో దీన్నే సీఐఎస్ అంటారు. 1973 జనవరి నుంచి అమెరికా మార్కెట్ కోసం తయారైన 911టీ బండ్లకు ఇది వచ్చింది. ఆ తర్వాత 1983లో ఎస్‌సీ ఆగిపోయేదాకా 911లలో ఎక్కువ భాగం దీని మీదే నడిచాయి. ఫోక్స్‌వాగెన్ గోల్ఫ్ జీటీఐలో, ఫెరారీ 308 జీటీబీఐలో, డెలోరియన్‌లో ఉన్నదీ ఇదే. పెట్రోలును కొలవడానికి ఇందులో కంప్యూటర్ లేదు. ఇంజిన్ పీల్చే గాలి దారిలో గుండ్రటి పళ్లెం ఒకటి అడ్డంగా ఉంటుంది. గాలి ఎంత పీలిస్తే పళ్లెం అంత లేస్తుంది. పళ్లేనికి తగిలించిన చేతికర్ర ఒక సన్నటి ఉక్కు కడ్డీని పైకి నెడుతుంది. కడ్డీ పైకి జరిగిన కొద్దీ, సిలిండర్‌కు ఒకటి చొప్పున ఆరు సన్నటి చీలికలు తెరుచుకుంటాయి. వాటిలోంచి పెట్రోలు ఆరు గొట్టాల్లోకి ఎడతెగకుండా వెళుతూ ఉంటుంది. గాలిని తూచి పెట్రోలు పోసే తక్కెడ అనుకోండి.

తక్కెడలో రెండో సిబ్బె కూడా ఉంది. కడ్డీ మరీ తేలిగ్గా లేవకుండా పై నుంచి కొంత పెట్రోలు ఒత్తిడి దాన్ని కిందికి అదుముతుంది. దాన్ని కంట్రోల్ ప్రెషర్ అంటారు. ఈ ఒత్తిడి తగ్గితే అదే గాలికి కడ్డీ ఇంకాస్త పైకి లేస్తుంది, పెట్రోలు ఎక్కువ పడుతుంది. చలిలో కావలసింది అదే. దాన్ని చూసుకునేది వార్మప్ రెగ్యులేటర్ అనే గుప్పెడంత లోహపు దిమ్మ. అందులో రెండు వేర్వేరు లోహాలు అతికించిన రేకు ఒకటి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అది వంగి స్ప్రింగును అదిమి పట్టుకుంటుంది, ఒత్తిడి తగ్గుతుంది. స్టార్టయ్యాక చిన్న కరెంటు తీగ ఆ రేకును వేడి చేస్తుంది, ఇంజిన్ వేడి కూడా తోడవుతుంది. రేకు మెల్లగా పట్టు వదులుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, అదనపు పెట్రోలు తగ్గుతుంది. చోక్ గుబ్బను ఎప్పుడు లోపలికి నెట్టాలో నడిపేవాడి బదులు ఒక వంగిన రేకు నిర్ణయిస్తోంది. 50 ఏళ్ల కిందటి ఈ ఆలోచన ఇప్పటికీ నాకు అబ్బురంగానే ఉంటుంది.

ఇంకో ఇద్దరు సాయగాళ్లున్నారు. కోల్డ్ స్టార్ట్ వాల్వ్ సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు మాత్రమే తెరుచుకుని మంచులా పెట్రోలు చల్లుతుంది. ఇదే మన కిరసనాయిలు. ఇంకోటి ఆగ్జిలరీ ఎయిర్ వాల్వ్. చల్లగా ఉన్నప్పుడు తెరిచి ఉండి, ఇంజిన్‌కు కాస్త ఎక్కువ గాలిని దొంగదారిన ఇచ్చి ఐడిలింగ్‌ను పైన నిలబెడుతుంది. వేడెక్కాక మూసుకుంటుంది.

ఇక తాళం జేబులో ఎందుకు వేసుకునేవారో చెప్పాలి. కోల్డ్ స్టార్ట్ వాల్వ్ ఇష్టమొచ్చినంత సేపు చల్లితే ప్లగ్గులు తడిసి ముద్దవుతాయి. అందుకని దానికి కాపలాగా థర్మో టైమ్ స్విచ్ ఉంటుంది. ఇంజిన్ వేడి ఎంతో చూసి, సెల్ఫ్ కొడుతున్న కాలాన్ని కూడా లెక్కపెట్టి, కొన్ని సెకన్లలో వాల్వ్‌ను కట్టేస్తుంది. గడ్డకట్టే చలిలోనైనా పది సెకన్లకు మించి ఇవ్వదు. అందులోనూ ఉన్నది అలాంటి రేకే, సెల్ఫ్ కరెంటుతోనే వేడెక్కుతుంది. అంటే మొదటి ప్రయత్నంతోనే స్విచ్ మారిపోయింది, గోడలు తడిశాయి, ప్లగ్గులు తడిశాయి, బ్యాటరీ కాస్త దిగింది. రెండో ప్రయత్నంలో మీరు చూస్తున్నది పొద్దుటి ఇంజిన్‌ను కాదు. రాత్రంతా చల్లబడ్డ ఇంజిన్ ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే మళ్లీ రాత్రంతా ఆగాలి. రోజుకు ఒక్క ప్రశ్న, ఒక్క జవాబు. కాబట్టి ప్రశ్న ముందు రోజు సాయంత్రమే ఆలోచించి పెట్టుకోవాలి. ఒక రోజు ఒక్క భాగాన్నే ముట్టుకోవాలి.

మన మే నెలలో ఈ బండి హైదరాబాద్‌లో ఉంటే ఆ స్విచ్ దాదాపు నోరే మెదపదు. ఎస్‌సీలో దాని హద్దు 35 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఈ జబ్బు చలి దేశాల్లోనే ముదురుతుంది, అందుకే దీని వైద్యమూ అక్కడే పెరిగింది.

ఇంకో జాగ్రత్త కాలికి సంబంధించింది. కార్బురేటర్ బండ్లకు అలవాటు పడ్డవాళ్లు స్టార్టుకు ముందు రెండు సార్లు రేస్ తొక్కుతారు, చాలా కార్బురేటర్లలో అలా తొక్కితే కాస్త పెట్రోలు చిమ్ముతుంది. ఇందులో తొక్కితే గాలి తలుపు తెరుచుకుంటుంది తప్ప చుక్క పెట్రోలు రాదు. పైగా ప్రమాదం. 911లో పళ్లేనికీ సిలిండర్లకూ మధ్య గాలి ఉండేది పెద్ద ప్లాస్టిక్ పెట్టెలో. కోల్డ్ స్టార్ట్ వాల్వ్ చల్లేది కూడా అందులోనే. చలిలో మిశ్రమం తేడాగా అంటుకుని వెనక్కి తన్నిందంటే, అంటే బ్యాక్‌ఫైర్ అయిందంటే, ఆ పెట్టె పగులుతుంది. పగిలిన పెట్టె మార్చాలంటే ఇంజిన్ దాదాపు దించాల్సిందే. అందుకే చాలామంది పెట్టెకు చిల్లు చేసి, ఒత్తిడి రాగానే ఎగిరి తెరుచుకునే చిన్న మూత అతికిస్తారు. 1981 మోడల్ నుంచి పోర్షె చల్లే పెట్రోలును ఆరు దారులకూ సమంగా పంచే ఏర్పాటు చేసింది. ఏ ఏడాది బండి అయినా సరే, తాళం తిప్పేటప్పుడు కాలు పెడల్ మీద ఉండకూడదు.

పరీక్షల్లో మొదటివి ఖర్చు లేనివి. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ తొమ్మిదిన్నర వోల్టుల కిందికి దిగితే మిగతా ఏదీ చూడనక్కర్లేదు. అంటుకోని ఇంజిన్ ప్లగ్గు విప్పి చూడాలి. పొడిగా ఉంటే పెట్రోలు చేరలేదు, తడిగా ఉంటే నిప్పు లేదు లేదా ముంచేశాం. తర్వాత గాలి లీకులు. పళ్లెం తూచని గాలి రబ్బరు పగుళ్లలోంచి చొరబడితే మిశ్రమం లీన్ అవుతుంది. పాత రబ్బరు చలికి బిగుసుకుంటుంది కాబట్టి మధ్యాహ్నం కనపడని లీకు తెల్లవారుజామున పనిచేస్తుంది. దీనికి పెద్దాయన చూపించిన పరీక్ష నాకు భలే నచ్చింది. ఐడిలింగ్‌లో ఉన్న బండికి ఇంజిన్ ఆయిల్ పోసే మూత విప్పాలి. ఆయిల్ ట్యాంకు ఊపిరి గొట్టం కూడా గాలి పెట్టెకే కలిసి ఉంటుంది. అంతా బిగుతుగా ఉంటే మూత విప్పగానే ఇంజిన్ తడబడి ఆగబోతుంది. విప్పినా ఏమీ పట్టనట్టు నడుస్తోందంటే గాలి అప్పటికే ఇంకెక్కడి నుంచో వస్తోంది.

కోల్డ్ స్టార్ట్ వాల్వ్‌ను విప్పి గాజు సీసాలోకి గురిపెట్టి చూడాలి. నిప్పురవ్వ పుట్టకుండా ఇగ్నిషన్ తీగ తీసేయాలి, మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి, ఇంకొకరు సెల్ఫ్ కొట్టాలి. మొదటిసారి చూసినప్పుడు నేను ఊపిరి బిగబట్టాను. సీసాలో గరాటు ఆకారంలో తెల్లటి పొగమంచు విచ్చుకుంది, గాజు లోపలి అంచున చుక్కలు కట్టింది, కొన్ని సెకన్లకు ఎవరో గొంతు నొక్కినట్టు ఠక్కున ఆగింది. వాల్వ్ బాగుంది, స్విచ్ బాగుంది. వాల్వ్ కొనను తుడిస్తే ఆ తర్వాత నిమిషం పాటు పొడిగానే ఉండాలి. చుక్క కారిందంటే ఆ కారడమే వేరే జబ్బు.

మా బండిలో తప్పు అక్కడ లేదు. ఆఖరి సాధనం ప్రెషర్ గేజి. దీన్ని ఆ ఆరు చీలికలుండే, పెట్రోలు పంచే దిమ్మకూ వార్మప్ రెగ్యులేటర్‌కూ మధ్య గొట్టంలో కలుపుతారు. గేజి పక్కన చిన్న కుళాయి ఉంటుంది. మూస్తే మొత్తం వ్యవస్థ ఒత్తిడి, అంటే నాలుగున్నర నుంచి అయిదు బార్ పైచిలుకు. తెరిస్తే కంట్రోల్ ప్రెషర్. ఇంజిన్ వేడిగా ఉంటే ఇది మూడున్నర బార్ చుట్టుపక్కల ఉండాలి. చల్లగా ఉంటే ఎంతో ఆ రెగ్యులేటర్ మీద కొట్టిన నంబరును బట్టీ, ఆ పూట చలిని బట్టీ మారుతుంది. గడ్డకట్టే చలిలో ఒకటి ఒకటిన్నర బార్‌కు మించకూడదు. మేం ఒక సాయంత్రం గేజి కలిపి ఉంచి, తెల్లవారాక సెల్ఫ్ కొట్టకుండా పంపు మాత్రం నడిపాం. ముల్లు లేచింది, మూడు దగ్గర ఆగింది. ఇంజిన్ మంచులో ఉంటే రెగ్యులేటర్ ఎండాకాలంలో ఉంది. దాని లెక్కలో బండి అప్పటికే వేడెక్కింది. అందుకే మొదటి చుక్క కిరసనాయిలుతో అంటుకుంటోంది, ఆ తర్వాత పోసేవాళ్లు లేక ఆరిపోతోంది.

రెగ్యులేటర్ విప్పితే పెట్రోలు లోపలికి వచ్చే రంధ్రంలో చిటికెన వేలి గోరులో సగం ఉండే జల్లెడ కనిపించింది. బండి నా చేతికి రాక ముందు ఏళ్ల తరబడి షెడ్డులో నిలబడి ఉంది. పాత పెట్రోలు జిగురై, ట్యాంకు తుప్పు దానికి తోడై జల్లెడను తేనె రంగు పొరలా మూసేసింది. రెగ్యులేటర్ ఒత్తిడిని వదిలేయాలని చూసినా పెట్రోలు అక్కడిదాకా సరిగా చేరడం లేదు. అంతకు ముందే నేను కొత్త ప్లగ్గులు వేశాను, కొత్త పంపు వేశాను, ఇంజెక్టర్లు మార్చేద్దామని కూడా అనుకున్నాను. వాటి ఖర్చులో పదో వంతు గేజికి పెట్టి ఉంటే మొదటి వారంలోనే దొరికేది. పెద్దాయన ఆ మాట ఎన్నడూ అనలేదు. జల్లెడను తెల్లగుడ్డ మీద పెట్టి భూతద్దం నా చేతికిచ్చి చూడమన్నారు, అంతే.

1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ తప్పును తనే నంబరుగా చెప్పే పరికరం ఉంటుంది. అది మంచిదే. కానీ నంబరు చెప్పని ఈ బండ్లు వేల సంఖ్యలో ఇంకా రోడ్డు మీద ఉన్నాయి, వాటిని నడిపించే మనుషులు తగ్గిపోతున్నారు. పళ్లేన్ని అయస్కాంతంతో పైకి లేపి కడ్డీ ఎక్కడైనా పట్టేస్తోందా అని వేలికొసతో తెలుసుకోవడం, ఇంజెక్టర్ల కీచుమనే చప్పుడులో ఆరూ సమంగా ఉన్నాయా అని వినడం పుస్తకంలో చదివితే రాదు. పక్కన నిలబడి చూడాలి, చలికాలమంతా. నాకు ఆ నిలబడే చోటు దొరికింది, అందుకు నేను కృతజ్ఞుణ్ణి.

జల్లెడ కడిగి బిగించిన మర్నాడు థర్మామీటర్ సున్నాకు నాలుగు కింద ఉంది. పంపు నడిపితే ముల్లు ఒకటీ పాయింట్ రెండు. కాలు నేల మీద పెట్టుకుని తాళం తిప్పాను. రెండు సెకన్లలో అందుకుంది, వదల్లేదు. ఐడిలింగ్ పన్నెండు వందల దగ్గర నిలబడింది. మేమిద్దరం గేజి ముందు గొంతుక్కూర్చున్నాం. ముల్లు మెల్లగా, కళ్లకు కనపడీ కనపడనట్టు ఎక్కుతోంది. ఒకటిన్నర, రెండు, రెండున్నర. లోపల ఎక్కడో రేకు పట్టు వదులుతోంది. మూడున్నర దగ్గర ముల్లు ఆగేసరికి ఇంజిన్ మోత తొమ్మిది వందలకు దిగి మెత్తబడింది. పెద్దాయన పుస్తకం తీసి, ఆ రోజు పెన్సిలు నా చేతికిచ్చారు.