మరచిపోయేవాని సమ్మతి: సుజాన్ కార్కిన్ గ్రంథంపై ఒక విమర్శ

హెన్రీ మొలైసన్ (1926–2008) అనే అమెరికా దేశస్థుడు బాల్యం నుండి మూర్ఛవ్యాధితో బాధపడ్డాడు. 1953 ఆగస్టులో హార్ట్‌ఫర్డ్ నగరంలో శస్త్రవైద్యుడు విలియం స్కోవిల్ అతని మెదడులో ఇరువైపులా హిప్పోకాంపస్‌ను చాలావరకు తొలగించారు. మూర్ఛలు తగ్గాయి గాని, ఆనాటి నుండి క్రొత్త సంగతులు అతని జ్ఞాపకంలో నిలువలేదు. 1962 నుండి అతనిని పరిశీలించిన ఎం.ఐ.టి. శాస్త్రవేత్త సుజాన్ కార్కిన్ ఆ చరిత్రను 2013లో "పర్మనెంట్ ప్రెజెంట్ టెన్స్" అనే గ్రంథంగా వెలువరించారు.

గ్రంథంలో ప్రేమ ఉంది; దానిని శంకించనక్కరలేదు. హెన్రీ సౌమ్యతను, హాస్యాన్ని, తన వలన ఇతరులకు మేలు కలుగుతుందన్న అతని సంతోషాన్ని ఆమె ఆదరంతో వ్రాశారు. అయితే ఆ సంతోషమే సమ్మతికి ఆధారమైన చోట మన విమర్శ మొదలవుతుంది. 1947 నాటి న్యూరెంబర్గ్ నియమావళి ప్రకారం, పరిశోధనలో పాల్గొనేవాడు మధ్యలో దానిని విడిచిపోగలగాలి. నిన్న తనకు ఏమి చేశారో ఎరుగనివాడు నేడు "ఇక చాలు" అని ఎలా చెప్పగలడు? ఒక పరీక్షలో అతని చర్మానికి వేడి తగిలించి నొప్పిని కొలిచారు. నొప్పి అని అతడు అననేలేదు. ఆ మౌనం శాస్త్రానికి ఫలితమే గాని, సమ్మతికి సాక్ష్యం కాదు. 1992లో న్యాయస్థానం సంరక్షకుని నియమించేవరకు కొన్నేళ్లపాటు సమ్మతి పత్రాలపై హెన్రీయే సంతకం చేశాడు. ఆ నియామకంలో దగ్గరి బంధువులను పట్టించుకోలేదని 2016లో లూక్ డిట్రిచ్ తన గ్రంథంలో ఆక్షేపించారు (ఆయన స్కోవిల్‌కు దౌహిత్రుడని పాఠకులు మరువరాదు). డిట్రిచ్ చేసిన మరికొన్ని ఆరోపణలను ఎం.ఐ.టి. ఖండించింది గాని, సంతకం ప్రశ్న అలాగే మిగిలింది.

వేదాంతులు ఇక్కడ తొందరపడకూడదు. త్రిత్వపు పోలికను మనుష్యుని జ్ఞాపకం, బుద్ధి, చిత్తంలో వెదకిన అగస్టీన్ మార్గాన్నే పట్టుకుంటే, హెన్రీలో దేవుని స్వరూపం తరిగిపోయిందనవలసి వస్తుంది. జాన్ స్వింటన్ 2012లో డిమెన్షియాను గూర్చి వ్రాసిన గ్రంథం దీనికి చక్కని సవరణ: మనిషి నిలిచి ఉన్నది దేవుని జ్ఞాపకంలో. ఎనిమిదవ కీర్తన కూడా ఆ వైపే చూస్తుంది. ప్రసంగపీఠం మీద ఈ మాట గొప్ప ఆదరణ. పరిశోధనశాలలో అది చాలదు. అక్కడ రోగి పక్షాన నిన్నటిని జ్ఞాపకముంచుకొనే మనిషి ఒకడు కావాలి. అతడు పరిశోధకుడు కాకూడదు. హెన్రీ విషయంలో అతని గతాన్ని ఎరిగినవారూ, దాని ఫలితం పొందినవారూ ఒకరే. దీనిని "త్యాగం" అని పొగడటం మనకు సులభం. కాని యోహాను 10:18 చెప్పే త్యాగం తెలిసి చేసినది.

మన దేశంలో 2019 నాటి నూతన ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు, నైతిక సంఘంలో స్వతంత్ర సభ్యునిగా ఉండదగినవారిలో వేదాంతిని కూడా పేర్కొన్నాయి. ఆ కుర్చీలో కూర్చున్న పాస్టరుగారు వైద్యశాస్త్రం తెలియదని మౌనంగా ఉండనక్కరలేదు. రోగి సంతకం ఎవరి సమక్షంలో, ఎన్నోసారి తీసుకొన్నారో, పదవ రోజున వద్దంటే ఆ మాట ఎవరు వింటారో అడగవచ్చు.