ప్రజాగరము : చింతాస్వరూప విచారము

మహాభారతమున ఉద్యోగపర్వాంతర్గతమైన ప్రజాగరపర్వము విదురనీతి యను పేర నెక్కువ ప్రసిద్ధి గాంచినది. ఎనిమిదధ్యాయముల యీ భాగమునుండి శ్లోకములను విడఁదీసి పాఠ్యపుస్తకములందును సుభాషితసంపుటములందును జేర్చుట చిరకాలముగా జరుగుచున్నది. బాలురు వానిని కంఠస్థము చేయుదురు. ఉపాధ్యాయులు ప్రతిపదార్థము చెప్పుదురు. ఈ నీతులను విన్నవాఁడెవ్వఁడు, ఏ వేళ విన్నాఁడు, విని యేమి చేసినాఁడు అను ప్రశ్నములు మాత్రము తరగతిలోఁ బుట్టుట యరుదు. మూలకారుఁడీ యుపపర్వమునకు ఔషధమునుబట్టి పేరు పెట్టలేదు, వ్యాధినిబట్టి పెట్టెను. ప్రజాగరమనఁగా నిద్రపట్టని మెలఁకువ. ఆదిపర్వమునందలి పర్వసంగ్రహము ఈ పేరును జెప్పుటయే కాక, దానికి హేతువుగా ధృతరాష్ట్రుని చింతను దృతీయావిభక్తితో నిర్దేశించుచున్నది. అది హేత్వర్థకతృతీయ. కావున నీ భాగమును నీతిసంగ్రహముగాఁ గాక, చింతచే నిద్రగోల్పోయిన యొక పురుషుని వృత్తాంతముగాఁ జదువవలెనని గ్రంథకర్త సంకల్పమేయని యూహింప నవకాశము గలదు.

చింత యను పదమును గూర్చి మొదట విచారింపవలసియున్నది. చురాదిగణమునఁ బఠితమైన చితి ధాతువునకు ధాతుపాఠము స్మృతి యను నర్థమును జెప్పినది. చురాదులకు ణిచ్చు స్వార్థమునందే వచ్చును గాని ప్రేరణార్థమున గాదు. ఇంకొకఁడు ప్రేరేపింపకయే తనంతఁ దాను ప్రవర్తించు వ్యాపారమునకు ప్రేరణప్రత్యయము రూపమాత్రముగా నుండుట యీ పదమున విశేషము. ణ్యంతధాతువులకు స్త్రీలింగభావార్థమున యుచ్చు ప్రాప్తింపఁగా, తృతీయాధ్యాయ తృతీయపాదమునందలి 105వ సూత్రము చింతి, పూజి, కథి, కుంబి, చర్చి యను నయిదు ధాతువులకు అఙ్ ప్రత్యయమును విధించి చింతాశబ్దమును సాధించుచున్నది. ల్యుట్టుతో నేర్పడిన చింతనము వేఱు. సంస్కృతమున నీ రెంటికి నర్థభేద మల్పమే. తెలుఁగున నది పెద్దది. దైవచింతనము చేయువానిని లోకము గౌరవించును. చింతతోనున్నవానిని జూచి జాలిపడును. చింతచెట్టు నందలి పద మీ ధాతువునకుఁ జెందినది కాదు. దానికి సంస్కృతమున చించా యను పేరు గలదు. చితకుఁ జింతకును బిందుమాత్రమే భేదమని పండితులు చెప్పుకొను చమత్కారము సభలలో నవ్వు పుట్టించునే కాని, దానివలనఁ జింతయొక్క స్వరూపము తెలియదు.

ఇచ్చట నొక శంక పుట్టును. ధాత్వర్థము స్మృతియైనచో, చింత గతవిషయకము కావలెను. ధృతరాష్ట్రుఁడు బెదరునది యెల్లుండియో ఱేపో రాఁబోవుదానిని గూర్చి కదా? సంజయుఁడు పాండవులకడనుండి రాత్రివేళ మరలివచ్చి, రాజును నిందించి, రథప్రయాణమున డస్సితినని సెలవు గైకొని, అజాతశత్రువు సందేశమును మఱునాఁడు సభలోఁ జెప్పెదననిపోయెను. ఆ సందేశమేమో రాజెఱుఁగఁడు. ఎఱుఁగనిదే యతని యవయవములను దహించుచున్నది. ద్వారపాలకునిఁ బంపి విదురుని రప్పించి, సంజయుఁడేమి చెప్పునో యను తలంపుతో నింద్రియములు స్వస్థత దప్పినవని యతఁడు మొఱపెట్టుకొనెను. పైకిఁ జూడ నిది భవిష్యద్విషయకమే. కాని యెఱుఁగని సందేశమున కింత బెదరుట యెందులకు? అందేమి యుండఁదగునో యతఁడెఱుఁగును గనుక. లక్కయిల్లు, ద్యూతసభ, వస్త్రాపహరణము, పదుమూఁడేండ్ల యరణ్యాజ్ఞాతవాసములు అతని స్మృతిలో నున్నవి. రాఁబోవుదానికి రూపమిచ్చుచున్నది గతమే. ధాతుపాఠము చెప్పిన యర్థమే యిచ్చట జయించినది.

ఆలంకారికుల మతమున చింత ముప్పదిమూఁడు వ్యభిచారిభావములలో నొకటి. భరతుఁడు నాట్యశాస్త్రమున దానిని దొమ్మిదవదానిగాను, స్మృతిని బదునొకండవదానిగాను వేఱువేఱ పరిగణించెను. చింతకతఁడు చెప్పిన విభావములు ఐశ్వర్యభ్రంశము, ఇష్టద్రవ్యాపహరణము, దారిద్ర్యము మొదలగునవి. అనుభావములు నిట్టూర్పు, సంతాపము, తలవంచుకొని తలపోయుట, కార్శ్యము మొదలగునవి. అనుభావము లన్నియు ధృతరాష్ట్రునియందు గోచరించును. విభావములలో నొక్కటియు నతనికి సరిపడదు. ఐశ్వర్యమంతయు నతని చేతనే యున్నది. ధనమును గోల్పోయినవారు పాండవులు. భరతుని పట్టిక కిక్కడ లోపము వచ్చినట్లు తోఁచును. ఆ లోపమును బూరించినవాఁడు విదురుఁడు. నిద్రపట్టనివారెవ్వరని రాజడిగినట్లే భావించి, బలవంతుని యెదిరింపునకు లోనైన దుర్బలుని, సర్వము నపహరింపఁబడినవానిని, కామిని, చోరుని అతఁడు లెక్కించెను. దోఁచుకొనఁబడినవాఁడును దోఁచుకొనినవాఁడును ఒకే పట్టికలో నుండుట గమనింపఁదగినది. భరతుఁడు మొదటివానిని మాత్రమే చూచెను. లెక్కించి యూరకుండక, పరధనముపై నాసతోఁ దపించుచున్నావా యని విదురుఁడు వెంటనే సూటిగా నడిగెను. ఎనిమిదధ్యాయముల యుపదేశమున కీ ప్రశ్నమే మూలము. నిదాన మిదివఱకే యైనది, తక్కినదంతయుఁ జికిత్స. సుభాషితసంపుటములవా రీ ప్రశ్నమును గైకొనకుండుటలో వింతయేమియు లేదు. అది యెల్లరకు వర్తించునట్టి నీతిగాదు, ఒక్కని నుద్దేశించి పలికిన మాట.

వ్యభిచారియన్న పేరునుబట్టి మఱియొక శంక గలదు. సముద్రమునఁ దరంగములవలె లేచి యణఁగునవి వ్యభిచారులని దశరూపకకర్త చెప్పిన లక్షణము. రాత్రియంతయు విడువక యున్న చింత వ్యభిచారి యెట్లగును? స్థాయియని యనరాదా? అనరాదు. ప్రజాగరపర్వమును శ్రద్ధతోఁ జదివినచో, రాజుచింత యొకే తలంపుగా నిలిచియుండలేదని తెలియును. అది యణఁగుచున్నది, మరల లేచుచున్నది. విదురుఁడు మాటలాడుచున్నంతవఱకు నణఁగును. అతఁడు నిలిపినంతనే రాజు ‘ఇంకను జెప్పుము, తనివి తీఱలేదు’ అను నర్థమిచ్చు మాటతో మరల నారంభించును. విడువని చింత యనఁబడునది నిలుకడ గాదు, ఆవృత్తి. తరంగ మస్థిరమే, తరంగపరంపరకు మాత్రము విరామము లేదు. క్రింద నున్న నీరు పుత్రవ్యామోహము. తరంగముతోఁ బోరాడువాఁడు సముద్రమునకేమియుఁ జేయలేఁడు. విదురుఁడు దీని నెఱిఁగియే నీతి చెప్పుచునే మాటిమాటికిఁ బాండవుల భాగము వారికిమ్మని దిగువకు లాగుచుండెను.

ముప్పదియాఱవ యధ్యాయమున రాజీ సర్వము నిత్యోద్విగ్నము, ఈ మనస్సును నిత్యోద్విగ్నమే, ఉద్వేగములేని పదమేదో దానిని జెప్పుమని వేఁడుకొనెను. ఈ ప్రసంగమంతటిలో నింత యార్ద్రమైన మాట యింకొకటి లేదు. ఉద్విగ్నపదము విజ్ ధాతుజన్యము. ధాతుపాఠమున దానికి భయము, చలనము అను రెండర్థములు చెప్పఁబడినవి. ఓకారానుబంధమువలన నిష్ఠాతకారమునకు నకారమును, ఈకారానుబంధమువలన నిడాగమనిషేధమును గలిగి విగ్నయను రూపము సిద్ధించుచున్నది. భయమును జలనమును ఒకే ధాతువునఁ గూడియుండుట నిద్రలేని రాత్రి యెఱిఁగినవారికి వ్యాఖ్యానాపేక్ష లేకయే బోధపడును. విదురుని సమాధానము మృదువు గాదు. విద్యాతపస్సులు, ఇంద్రియనిగ్రహము, లోభత్యాగము అను వీనికంటె నన్యముగా నీకు శాంతి నాకుఁ గానరాదని యతఁడనెను. మూఁడవది యతనిమీఁదికి గుఱిపెట్టినది. రాజడిగినది పదము, విదురుఁడు చూపినది త్యాగము. రాజా మాటను దాఁటిపోయెను.

విదురుఁడు దృష్టాంతములను సయితము యాదృచ్ఛికముగా నెన్నుకొనలేదు. కేశిని కొఱకు విరోచనుఁడు సుధన్వుఁడు నను వారిరువురు ప్రాణములు పందెమొడ్డి, తమలో శ్రేష్ఠుఁడెవఁడని విరోచనుని తండ్రియగు ప్రహ్లాదునే యడుగఁగా, ప్రహ్లాదుఁడు కుమారునికి విరుద్ధముగాఁ దీర్పు చెప్పిన కథ ముప్పదియైదవ యధ్యాయమున నున్నది. సత్యవచనమహిమకు నిదర్శనముగా దీనిని బాలురకు బోధింతురు. ఆ రాత్రి యా కథ విన్నది రాజును, తండ్రియు, న్యాయము దీర్పవలసినవాఁడు నైన యొక్క పురుషుఁడని చెప్పకున్నచో కథయొక్క ప్రాణము పోవును. సుధన్వుఁ డా సత్యమునకు మెచ్చి విరోచనుని బ్రాణములతో విడిచిపెట్టెను. పుత్రునకుఁ బ్రతికూలముగాఁ బలికినందువలననే పుత్రుఁడు బ్రదికెను. ఇంతకంటె సూటిగా నొక మంత్రి తన ప్రభువుతోఁ జెప్పఁగలది లేదు.

నలువదవ యధ్యాయాంతమున ధృతరాష్ట్రుని తుది సమాధానము వచ్చును. నీవు చెప్పినట్లే నా బుద్ధి పాండవులవైపు మొగ్గుచున్నది. దుర్యోధనుని గలిసికొన్నంతనే మరలిపోవుచున్నది. విధిని దాఁటుట మర్త్యున కశక్యము, పౌరుషము నిరర్థకము అని యతఁడనెను. వ్యాఖ్యాతలు దీనిని దైవపౌరుషవివాదమునకుఁ దెచ్చి వేదాంతము చెప్పుదురు. ఇచ్చట దైవసిద్ధాంతము కంటె, అది యెవ్వని నోట వచ్చినదో ముఖ్యము. మార్గ మెఱిఁగినవాఁడు, ఎఱిఁగితినని యొప్పుకొన్నవాఁడు, నడువనని చెప్పలేక విధిని జెప్పుచున్నాఁడు. వినుట యతనికిఁ జేయుటకు బదులైనది. ఉపదేశ మెంత యుత్తమమైనను, చేయవలసిన పనికి వాయిదాగా వినఁబడినపుడు చింతకది యాహారమగును. ధైర్యవచనములను మాటిమాటికి నడిగి వినుట క్షణకాలము శాంతినిచ్చి చింతనే బలపఱచునని నేఁటి మనోవైద్యులును జెప్పుచున్నారు. అమెరికా మనశ్శాస్త్రజ్ఞుఁడు డానియల్ వెగ్నర్ సహచరులతోఁ గూడి 1987లోఁ బ్రకటించిన పరీక్ష మఱియొక ద్వారమును మూసినది. తెల్లయెలుఁగుబంటిని అయిదు నిమిషములు తలంపవలదని, తలంపు వచ్చిన గంట మ్రోగింపుమని విద్యార్థుల కాజ్ఞాపింపఁగా గంటలు మ్రోగుచునే యుండెను. నిషేధము తొలఁగినపిదప వారికా తలంపు, మొదటినుండి యనుమతి పొందినవారికంటె నధికముగ వచ్చెను. బలిమిఁ ద్రోయుటవలనఁ గాని, మాటలతోఁ గప్పుటవలనఁ గాని తలంపు పోదన్నమాట.

యోగసూత్రముల సాధనపాదమున ముప్పదిమూఁడవ సూత్రము, వితర్కములు బాధించునపుడు ప్రతిపక్షభావనము చేయుమని విధించుచున్నది. (మహాభాష్యకారుఁడును యోగసూత్రకారుఁడును ఒక్కఁడే యను సంప్రదాయము నిచ్చట విచారింపఁ బనిలేదు.) అచ్చటి వితర్కము భరతుని ముప్పదిమూఁడవ వ్యభిచారి కాదు; హింసాదులను గూర్చిన దుస్సంకల్పము. తరువాతి సూత్రము దానిని తాను చేసినది, ఇతరులచేఁ జేయించినది, చేయఁగా నామోదించినది అని త్రివిధముగా విభజించెను. ధృతరాష్ట్రుఁడు పాచికలు వేయలేదు, చీర లాగలేదు. అతనిది మూఁడవ తెగ. ఆమోదించినవాని చింతకు మందు కష్టతరము. తాను చేయలేదను సమాధాన మెల్లప్పుడును జేతికందుబాటులో నుండును.

చింతయొక్క గమనము వేఱొక విధముగను ముగియవచ్చుననుటకు వాల్మీకి సుందరకాండమున పదుమూఁడవ సర్గ నిదర్శనము. లంకయంతయు వెదకి సీతను గానని హనుమంతుఁడు, తాను రిక్తహస్తముతో మరలినచో రాముఁడు జీవింపఁడనియు, పిదప లక్ష్మణుఁడు, భరతుఁడు, శత్రుఘ్నుఁడు, తల్లులు, సుగ్రీవుఁడు, రుమ, తార, అంగదుఁడు, తుదకు వానరులందఱు నశింతురనియు వరుసగా నూహించెను. ఒక్క నిష్ఫలత నుండి రెండు కులముల వినాశము వఱకుఁ దలంపు పరుగెత్తినది. ధృతరాష్ట్రునికంటె నితని చింత తీవ్రమే. ప్రాణత్యాగమునుగూర్చి సయిత మతఁడాలోచించెను. మరణమునఁ బెక్కు దోషములున్నవనియు, జీవించియున్నవాఁడు శుభము గాంచుననియుఁ దెలిసికొన్నను, చింత యంతటితోఁ దీఱలేదు, మరలఁ బొంగెను. దానిని నిలిపినది యుపదేశము కాదు. వెదకని యశోకవనిక యొకటి కన్నులకుఁ గనఁబడినది. దేవతలకు, రామలక్ష్మణసీతలకు నమస్కరించి యతఁడా వైపు కదలెను. భయము తీఱినదని కవి చెప్పలేదు; మిగిలియున్న స్థలమొకటి చూపెను. ధృతరాష్ట్రునికి నట్టి స్థలము లేకపోలేదు. పాండవుల యర్ధరాజ్యము హనుమంతుని యశోకవనిక వంటిదే. ఆ రాత్రి విదురుఁడు పలుమాఱు వ్రేలితోఁ జూపినది దానినే.

తిక్కన మూలమునందలి నీతిజాతమును మిగుల సంక్షేపించెను. శ్లోకసంఖ్యను లెక్కవేసి నష్టము చూపువారు గలరు. ప్రజాగరమునకు బ్రాణము నీతులసంఖ్య కాదు, వినువాని స్థితి. ఆ స్థితి నిలిచియున్నంతవఱకు సంక్షేపము దోషము కానేరదు.

విదురనీతితోనే యా రాత్రి ముగియలేదు. శూద్రయోనిజుఁడ నగుటచే నింతకంటెఁ బైమాట చెప్పఁజాలనని విదురుఁడు సనత్సుజాతుని స్మరింపఁగా నా మహర్షి వచ్చి, ప్రమాదమే మృత్యువని బోధించెను. తెల్లవాఱినది. సభ కూడినది. సంజయుఁడు తాను దెచ్చిన సందేశమునంతయుఁ జెప్పెను. ఏ మాట తెలియక రాజు తపించెనో యా మాట యిప్పుడు తెలిసినది. తెలిసిన పిదపఁ జింత తీఱవలెను. యానసంధిపర్వమున ధృతరాష్ట్రుఁడు మరల సంజయునితోఁ బలుకుచు, సింహమునకు బెదరు మృగమువలె భీమసేనునికి వెఱచి రాత్రులన్నియు మేల్కొని వేఁడి నిట్టూర్పులు విడుచుచున్నానని చెప్పుకొనెను. మొదటి రాత్రి సందేశము, ఇప్పుడు భీముఁడు. అర్ధరాజ్యము మాత్రమింకను హస్తినాపురముననే యున్నది.