బిడ్డ చెంప తగిలేచోట

మా కంచరపాలెంలో పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్లకి వీధంతా పెద్దమ్మలే. ఒకరు సున్నిపిండి పట్టిస్తారు, ఒకరు సాంబ్రాణి వేస్తారు. నలుగు పెట్టడంలో నాదీ తిరిగిన చెయ్యే. మొన్న ఎదురింటి బాలింతకి నలుగు పెడుతుంటే అడిగింది: "పిన్నీ, మంగు మచ్చలకి ఈ క్రీము రాస్తున్నాను. పాలిచ్చేదాన్ని, పర్లేదా?"

డబ్బా తిప్పి చూశాను. తెల్లబడతారని పెద్దక్షరాలు. ఎవరు చేశారో, ఏం కలిపారో ఒక్క ముక్క లేదు. నాకు గుండె గుభేలుమంది.

చర్మం నల్లబడకుండా పాదరసం ఆపుతుంది, అందుకే ఇలాంటి క్రీముల్లో దాన్ని దొంగతనంగా కలుపుతారు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్లకి కిడ్నీ జబ్బు వచ్చినట్టు వైద్యులు గుర్తించారు. పాదరసం తల్లి చర్మం నుంచి నెత్తురులోకి, అక్కణ్ణుంచి పాలలోకి చేరుతుంది. పాలదాకా ఎందుకు, పాలు తాగుతూ బిడ్డ చెంప ఆనించేది క్రీము రాసిన తల్లి ఒంటికే, ఆ ఒంటిని తాకిన వేళ్లే నోట్లో పెట్టుకునేది కదా! కొన్ని క్రీముల్లో ఘాటు స్టెరాయిడ్లు కూడా ఉంటాయి. 14 రకాల స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం చెప్పింది. అయినా చేతికి దొరుకుతూనే ఉన్నాయి.

అలాగని బాలింత ముఖానికి ఏదీ రాయకూడదని నేననను. మొటిమలకి వాడే బెంజాయిల్ పెరాక్సైడ్, అజెలాయిక్ ఆమ్లం ఒంట్లోకి చాలా తక్కువగా చేరతాయి, వాడొచ్చనే వైద్యులు అంటారు. మంగుకి రాసే హైడ్రోక్వినోన్ అలా కాదు, చర్మం దాన్ని బాగా పీల్చుకుంటుంది. పాలు మానిపించేదాకా వద్దు. మొటిమలకి మింగే ఐసోట్రెటినాయిన్ మాత్రలు అసలే వద్దు. మంగు కాన్పయ్యాక చాలామందికి మెల్లగా పలచబడుతుంది. ఎండ తగలకుండా కాచుకుంటే చాలావరకు చాలు.

చనుమొన పగిలితే క్రీములు వెతక్కుండా, పిండిన పాలే ఒక చుక్క రాసి ఆరనివ్వండి. నలుగు పిండి ఛాతీమీద ఉంటే కడుక్కున్నాకే బిడ్డకి పాలు పట్టండి. నలుగులోకి పసుపు మాత్రం మెరుగుపెట్టని కొమ్ములు కొని ఆడించండి. రంగుకోసం సీసం కలిసిన పసుపు పట్టుబడిన సందర్భాలున్నాయి.

ఆ పిల్లని క్రీము ఆపమన్నాను గానీ డబ్బా పారేయొద్దన్నాను. మా ఊళ్లోని కింగ్ జార్జ్ ఆస్పత్రి చర్మవిభాగానికి వెళ్లినప్పుడు వెంట పట్టుకెళ్లమన్నాను. మీ ఇంట్లోనూ అలాంటి డబ్బా ఉంటే అదే చేయండి. డాక్టరు చెప్పేదాకా పాలు మాన్పించకండి.