హాకింగ్ కాలబాణం: ఒక పరిశీలన

స్టీఫెన్ హాకింగ్ 1988లో వెలువరించిన ‘ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్’లో కాలబాణంపై ఉన్న అధ్యాయం చదవడానికి హాయిగా ఉంటుంది, వాదమే మాకు కుంటుతున్నట్లు తోస్తుంది. భౌతిక సూత్రాలు కాలాన్ని ఎటు తిప్పినా దాదాపు ఒకే తీరున వర్తిస్తాయి. ఎంట్రోపీ, అంటే అస్తవ్యస్తత, ఒకవైపే పెరుగుతుంది. విశ్వం మొదట నున్నగా, క్రమంగా ఉండడమే కారణమంటారు హాకింగ్. విశ్వం కుంచించుకునేటప్పుడు బాణం తిరగబడుతుందని తొలుత నమ్మి, డాన్ పేజ్, రేమాండ్ లాఫ్లామ్‌ల పరిశీలనల తరువాత ఆ మాట వదులుకున్నానని ఆయనే రాశారు. ఆ నిజాయితీ మెచ్చదగింది. అయితే, హద్దులు లేని విశ్వమన్న ఆయన ప్రతిపాదన ఒక కొసకే క్రమాన్ని ఎందుకు ఇవ్వాలి? రెండు కొసలకు రెండు కొలతలేమిటని హ్యూ ప్రైస్ 1996 నాటి తన గ్రంథంలో గట్టిగానే నిలదీశాడు.

తెలుగు విద్యార్థికి ఇది సులువుగా అందాలి. మన ‘ముందు’ అనే మాట ‘అంతకుముందు’లో గతాన్ని, ‘ఇకముందు’లో భవిష్యత్తును చూపుతుంది. దిక్కును తేల్చేది పక్క పదం. హాకింగ్ వాదంలో ‘మొదట’ అన్నది ఆ పక్క పదం పనిని చడీచప్పుడు లేకుండా చేసిపెట్టింది. అది వచ్చిన చోటల్లా ‘ఒక కొసన’ అని మార్చి చదవండి. వాదం ఎక్కడ ఆగిపోతుందో కనబడుతుంది.