విరిగిన ఎముకను విరుగలేదనుట: ఒక వైద్య పత్రముపై విమర్శ

జారిపడిన మనిషి చేయి వాచినప్పుడు ఇంటిలో మొదట పుట్టు ప్రశ్న ఒకటే: విరిగినదా, బెణికినదా? వ్రేళ్ళు కదలుచున్నవి గనుక విరుగలేదని పక్కనున్నవారు తీర్పు చెప్పుదురు. శాస్త్రరీత్యా ఆ తీర్పునకు విలువ లేదు. ఎముక విరిగిన చేతి వ్రేళ్ళు కదలవచ్చును. తుంటి ఎముక విరిగి, విరిగిన కొనలు ఒకదానిలో నొకటి గుచ్చుకొని నిలిచినప్పుడు ముసలివారు నాలుగడుగులు నడువనూ వచ్చును. అందుచేతనే ఆసుపత్రికి పోయి ఎక్సురే తీయించుట అవసరమగుచున్నది. అయితే ఆసుపత్రిలో, పటము వైద్యుని యెదుట ఉండగానే, విరిగినదానిని విరుగలేదని చెప్పి రోగిని ఇంటికి పంపివేయు సందర్భములు కలవు.

ఈ సంగతిని లెక్కలతో పరిశీలించిన పత్రములలో తరచుగా పేర్కొనబడునది హెచ్. ఆర్. గులీ అను బ్రిటిష్ వైద్యుడు 2001లో ‘ఎమర్జెన్సీ మెడిసిన్ జర్నల్’ అను పత్రికలో ప్రకటించినది. రద్దీగల ఒక జిల్లా స్థాయి ఆసుపత్రి అత్యవసర విభాగములో నాలుగేండ్ల కాలమున దృష్టికి వచ్చిన రోగనిర్ణయ దోషముల నన్నిటిని అందులో కూర్చినారు. 934 మంది రోగులలో 953 దోషములు తేలినవి. వానిలో నూటికి 79.7 వంతులు గుర్తింపునకు రాని ఎముక విరుపులే. దోషములకు కారణములను విభజింపగా, ఎక్సురే పటమును సరిగా చదువకపోవుట 77.8 వంతులు, పటమే తీయింపకపోవుట 13.4 వంతులు. 22 దోషములు ఫిర్యాదులకో వ్యాజ్యములకో దారితీసినవి. దోషము జరిగిన రోగులలో ముగ్గురు తరువాత మరణించిరి.

తమ వృత్తిలోని పొరపాట్లను దాచక, పేరుపేరున వర్గీకరించి అచ్చువేయుట మెచ్చదగిన పని. విజయములను గూర్చిన పత్రములు వైద్యపత్రికలలో వేలకొలది కలవు. తప్పుల పట్టిక వ్రాయుటకు ఓపికతోబాటు ధైర్యము కూడ కావలెను. పత్రముయొక్క విలువ ఇందులో నున్నది. దాని లెక్కలను చదువుటలో మాత్రము జాగ్రత్త అవసరము.

మొదటి సంగతి. ఒక పాఠశాలలో ఏడాదిలో దొరికిన తప్పులలో నూటికి 80 గణితమునకు చెందినవనగా, విద్యార్థులు నూరు లెక్కలలో 80 తప్పు చేసిరని అర్థము కాదు. అట్లే 79.7 అను సంఖ్య దోషములలో విరుపుల వాటాయే గాని, విరుపులలో దోషముల వాటా కాదు. ఈ భేదము మరచి ఈ సంఖ్యను ఎత్తి చూపువారు భయమును పెంచుదురేగాని జ్ఞానమును పెంచరు. బ్రిటన్‌లోని ‘నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హెల్త్ అండ్ కేర్ ఎక్సెలెన్స్’ అను సంస్థ 2025లో చెప్పిన అంచనా ప్రకారము అత్యవసర విభాగములలో విరుపును గుర్తింపకపోవుట, లేక ఆలస్యముగా గుర్తించుట నూటికి 3 నుండి 10 సందర్భములలో జరుగుచున్నది.

రెండవ సంగతి మరింత సూక్ష్మమైనది. ఎముక విషయములో జరిగిన తప్పు పటము రూపమున మిగిలియుండును. మరునాడు మరియొక వైద్యుడు ఆ పటమునే చూచి తప్పును పట్టగలడు. కడుపు నొప్పితో వచ్చి, తప్పు నిర్ణయముతో ఇంటికి పోయి, వేరొక ఆసుపత్రిలో చేరిన రోగి విషయమై మొదటి ఆసుపత్రికి వార్తయే అందకపోవచ్చును. కనుక ఈ పట్టికలో ఎముకలు అంత అధికముగా కనబడుటకు కొంత కారణము, ఆ తప్పులు తేలికగా పట్టుబడుటయే. పట్టుబడనివి ఏ పట్టికకును ఎక్కవు.

ఇక పత్రములోని ముఖ్యమైన మాట “పటమును తప్పుగా చదువుట”. మూడువంతులకు పైబడిన దోషములను ఈ ఒక్క పెట్టెలో వేసినందువలన, లోపమంతయు కంటిలోనే ఉన్నదన్న భావము చదువరికి కలుగును. ఇది పూర్తిగా నిజము కాదు. ఎక్సురే పటము ఎముకయొక్క ఫొటో కాదు, నీడ. గోడమీద పడిన చేతి నీడను చూచి వ్రేళ్ళ సంఖ్య చెప్పుట ఎల్లప్పుడును సాధ్యము కానట్లే, ఒకే నీడను చూచి ఎముక స్థితిని చెప్పుట ఎల్లప్పుడును సాధ్యము కాదు. పగులు ఉన్న తలమునకు కిరణములు ఇంచుమించు సమాంతరముగా పోయినప్పుడే ఆ సందు నల్లని గీతగా కనబడును. అడ్డముగా పోయినచో ముందరి ఎముక నీడ వెనుకనున్న పగులును కప్పివేయును. అందుకే ఒకదానికొకటి లంబముగా రెండు పటములు తీయవలెనను నియమము ఏర్పడినది.

భుజపు కీలు ఇందుకు గొప్ప ఉదాహరణము. భుజము తప్పినప్పుడు చేతి ఎముక గుండు సామాన్యముగా ముందునకు జారును. అది చూచిన వెంటనే తెలియును. వెనుకకు జారుట నూటికి రెండు నాలుగు సందర్భములే. విద్యుత్తు ఘాతము తగిలినప్పుడు, మూర్ఛ వచ్చినప్పుడు కండరములన్నియు ఒక్కసారి బిగియును. చేతిని లోపలికి త్రిప్పు కండరములు బలమైనవి కనుక గుండును వెనుకకు నెట్టివేయును. ముందునుండి తీసిన పటములో గుండు ప్రక్కకు తొలగదు, నేరుగా వెనుకకే పోయినది గనుక తన గుంట యెదుటనే ఉన్నట్లు కనబడును. లోపలికి తిరిగినందున దాని ఆకారము మాత్రము విద్యుద్దీపపు బుడ్డివలె గుండ్రముగా మారును. అనుభవము లేని కన్ను దానిని గమనింపదు. ఇట్టి కీళ్ళలో సుమారు సగము మొదటి పరీక్షలో తప్పిపోవునని శస్త్రవైద్య గ్రంథములు చెప్పుచున్నవి. అయినను ఆ రోగిని అరచేయి పైకి వచ్చునట్లు చేతిని బయటికి త్రిప్పుమని అడిగినచో త్రిప్పలేడు. పటము దాచినదానిని ఆ ఒక్క పరీక్ష బయటపెట్టును. ఇక్కడ జరిగినది పటమును తప్పుగా చదువుటయా, రోగిని పరీక్షింపకపోవుటయా? పట్టికలో ఒక గడిలోనే వేయవలసివచ్చినప్పుడు రెండవది అదృశ్యమగును.

మణికట్టులోని స్కాఫాయిడ్ అను పడవ ఆకారపు చిన్న ఎముక మరియొక చిక్కు తెచ్చును. చేయి చాచి పడినప్పుడు అది విరుగును. మొదటినాటి పటములో, ఎంత నేర్పరి చూచినను, పగులు కనబడకపోవచ్చును. పది పదునాలుగు దినములకు అంచులు కొంత కరగి సందు వెడల్పైన తరువాత స్పష్టమగును. ఈలోగా బెణుకని చెప్పి వదలివేసినచో ప్రమాదము కలదు. ఈ ఎముకకు నెత్తురు ముఖ్యముగా వ్రేళ్ళవైపు కొననుండి ప్రవేశించి వెనుకకు పోవును. నడుమ విరిగినచో ముంజేతివైపు ముక్కకు నెత్తురు అందక అది చచ్చిపోవచ్చును. బొటనవ్రేలిని చాచినప్పుడు దాని మొదట, మణికట్టు ప్రక్కన, చిన్న గుంట ఏర్పడును. పడమటి దేశములలో పూర్వము నస్యము పీల్చువారు పొడిని అందులో పోసికొనెడివారట. ఆ గుంటలో నొక్కినప్పుడు నొప్పి యున్నచో, పటము శుభ్రముగా నున్నను, విరిగినట్లే భావించి కట్టు కట్టుట ఆచారము. ఎమ్మారై సౌకర్యమున్నచోట సంశయము ముందే తీరును.

1814లో రెండు సంగతులు జరిగినవి. డబ్లిన్ నగరములో ఏబ్రహాం కాలిస్ అను శస్త్రవైద్యుడు, అంతవరకు కీలు తప్పుటగా భావింపబడుచుండిన మణికట్టు గాయము నిజమునకు ముంజేతి రత్ని ఎముక విరుపని ప్రకటించెను. ఇటలీలో మాంటెజ్జియా అను వైద్యుడు, ముంజేతి రెండు ఎముకలలో ఒకటి విరిగినప్పుడు రెండవదాని తల మోచేతి కీలునుండి తప్పియుండవచ్చునని వర్ణించెను. రాంట్‌గెన్ ఎక్సు కిరణములను కనుగొన్నది 1895లో. అనగా ఇంకను 81 ఏండ్లకు. వారికి పటము లేదు, వ్రేళ్ళు మాత్రమే ఉండెను. వింత యేమనగా, మాంటెజ్జియా పటము లేకయే వర్ణించిన ఆ తప్పిన కీలును, పటములున్న కాలములో వైద్యులు జారవిడుచుచున్నారు. కారణము తెలిసినదే. విరిగిన ఎముక పటము నడుమ కొట్టవచ్చినట్లు కనబడును. ఒక జాడ దొరికినదను తృప్తితో కన్ను వెదకుట మానివేయును. మోచేయి పటములో చేరకుండ తీసినచో కన్నుకైనను అవకాశము లేదు. రత్ని ఎముక నడుమ నుండి గీచిన గీత, ఏ కోణమున తీసిన పటములోనైనను, భుజాస్థి క్రింది కొనయందలి గుండ్రని భాగము గుండా పోవలెను. పోకున్నచో కీలు తప్పినట్లే. స్కేలు పట్టుకొనగల ఏ విద్యార్థియైనను చేయదగిన పరీక్ష ఇది.

పిల్లల మోచేయి అన్నిటికంటె కఠినమైన పాఠము. పెద్దల ఎముకగా మారవలసిన భాగములు పిల్లలలో మెత్తని మృదులాస్థిగా నుండి పటములో కనబడవు. వయసుతోబాటు ఒక్కొక్కచోట గట్టి ఎముక చుక్కలుగా తోచును. మోచేతిలో ఇట్టి చుక్కలు ఆరు. అవి సుమారు 1, 3, 5, 7, 9, 11 ఏండ్ల ప్రాయమున వరుసగా తోచును. మూడవది మోచేతి లోపలి ప్రక్కనున్న ముడి. నాలుగవది కప్పీ ఆకారపు భాగము. ఎనిమిదేండ్ల బాలుడు పడి, మోచేయి తప్పి, తిరిగి తనంతట కూడుకొనినప్పుడు లోపలి ముడి ఊడి కీలు సందులోనికి లాగబడవచ్చును. పటము చూచువారు సందులోని ఆ ముక్కను నాలుగవ చుక్కగా భ్రమింతురు. భ్రమ తొలగుటకు ఒక్క ప్రశ్న చాలును: నాలుగవది వచ్చియుండగా మూడవది ఏదీ? సామాన్యముగా మూడవది రాకుండ నాలుగవది రాదు. మూడవది తన స్థానములో లేకున్నచో, నాలుగవదిగా తోచుచున్నదే మూడవది. ఇందులో చూపుయొక్క వాడికంటె వరుస తెలిసియుండుట ముఖ్యము.

దోషములలో అధికభాగము సీనియర్ హౌస్ ఆఫీసర్లు చేసినవని పత్రము తెలుపుచున్నది. పేరులో ‘సీనియర్’ అని యున్నను వారు శిక్షణలో నున్న చిన్న వైద్యులే. ఆ హోదా తరువాత రద్దయినది. పటములో తప్పిపోయిన లోపములు చాలమట్టుకు కఠినమైనవి కావనియు, శిక్షణ మెరుగుపరుపవలెననియు పత్రము అభిప్రాయపడినది. ఈ తీర్పులోని మొదటి భాగము నిలువదు. జవాబు తెలిసిన తరువాత పటము చూచువానికి ప్రతి పగులును సులభముగానే కనబడును. నల్లబల్లపై లెక్క చేసి చూపిన పిదప “ఇంతేనా!” అనని విద్యార్థి ఉండడు; ఆ లెక్కను పరీక్షలో విడిచివచ్చినవాడును అతడే. కఠినమా, సులభమా అని తేల్చవలెనన్న ఆ పటములను, బాగుగా నున్న పటములతో కలిపి, జవాబు తెలియని వైద్యులకు చూపవలెను. ఈ ఒక్క అడుగు లేనిదే చిన్న వైద్యులను ఆక్షేపించుట న్యాయము కాదు. మంచి రోగపరీక్షా నైపుణ్యము తప్పనిసరి అని పత్రము చెప్పిన మాట మాత్రము దాని లెక్కలకంటె విలువైనది. 77.8 అను సంఖ్య పెద్దదగుట చేత ఆ మాట వెనుకబడుట విచారకరము.

పరిష్కారముల చరిత్ర కూడ ఈ విమర్శనే బలపరచును. 1985లో బ్రిటన్‌లో ఒక చిన్న ఉపాయము ప్రకటింపబడినది: పటము తీయు సాంకేతికుడు, తనకు లోపము తోచినచో, పటముపై ఒక ఎర్రచుక్క అంటించును. వైద్యుని కన్ను రెండవసారి వెదకును. ఖర్చు లేని ఈ ఏర్పాటు త్వరలోనే వ్యాపించినది. 1992లో కెనడాలోని ఒట్టావా వైద్యులు చీలమండకు నియమములు చేసిరి: ఇరుప్రక్కల పొడుచుకొనివచ్చు ఎముకల వెనుక అంచున, క్రింది ఆరు సెంటీమీటర్లలో, నొక్కినప్పుడు నొప్పి యున్నను, లేక గాయము తగిలినప్పుడును ఆసుపత్రిలోను నాలుగడుగులు వేయలేకున్నను పటము తీయవలెను. ఇది పటమునకు ముందు వ్రేళ్ళకు చెప్పిన పని. 2025లో పైన చెప్పిన బ్రిటిష్ సంస్థ, కృత్రిమ మేధతో పటములలో విరుపులను వెదకు నాలుగు సాఫ్టువేరులను, ఇంకను సాక్ష్యము సేకరించుచునే, వైద్యునికి తోడుగా వాడవచ్చునని అనుమతించినది. అలసట యెరుగని ఆ యంత్రము రాత్రి మూడు గంటలకు కూడ ఒకేరీతిగా చూచును. అయితే తీయని పటమును అది చదువలేదు. గులీ పట్టికలోని 13.4 వంతులు దానికి అందనివే. మోచేయి చేరని పటములో మోచేతిని చూడలేదు. అరచేయి పైకి త్రిప్పుమని అడుగదు.

మొదటినాడు కనబడని స్కాఫాయిడ్ పగులు విషయములో యంత్రమునకును మనిషికిని ఒకటే దారి. కట్టు కట్టి, పటములో ఏమియు కనబడలేదని మాత్రమే చెప్పి, పదవనాడో పదునాలుగవనాడో మరల రమ్మని తేదీ వ్రాసి ఇచ్చుట. “విరుగలేదు” అని విన్న రోగి ఇంటికి పోయి నొప్పిని ఓర్చుకొనును. “కనబడలేదు” అని విన్నవాడు తేదీనాటికి తిరిగి వచ్చును.